చూసిన బొమ్మ నుంచి చూడని బొమ్మకు

1960ల మధ్యలో అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే 100 మందికి రెండు బొమ్మల నకళ్లు చూపించారు. రెండింట్లోనూ నల్లటి పొట్టి గీతలే. కొన్ని అడ్డం, కొన్ని నిలువు. ఒకటి డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ 1917లో ముగించిన చిత్రం. రెండోది మైకేల్ నోల్ అనే కుర్ర ఇంజనీరు రాసిన ప్రోగ్రాంతో ఐబీఎం 7094 కంప్యూటర్ వేసినది. ఏది బాగుందని అడిగితే 59 మంది కంప్యూటర్ బొమ్మను ఎంచుకున్నారు. ఏది కంప్యూటర్‌దో చెప్పమంటే సరిగ్గా చెప్పినవాళ్లు 28 మందే.

ఈ ప్రయోగాన్ని యంత్రం చిత్రకారుణ్ని ఓడించిన కథగా చెబుతుంటారు. నాకు మాత్రం అంతకు ముందు జరిగిన పని మీదే ఆసక్తి. నోల్ ఆ చిత్రాన్ని ట్రేస్ చేయలేదు. తదేకంగా చూసి, దాన్ని మాటల్లోకి, మాటల నుంచి లెక్కల్లోకి దించాడు. గీతలన్నీ దాదాపు ఒక వృత్తంలో ఒదిగి ఉన్నాయి. వాటి పొడవు, మందం కొన్ని హద్దుల మధ్యే మారుతున్నాయి. పైభాగంలో పారాబొలా ఆకారపు మేర ఒకటుంది, అందులోకి వచ్చిన గీతలు కురచవుతున్నాయి. ఈ నాలుగు పరిశీలనలే ప్రోగ్రాం అయ్యాయి. ఏ గీత ఎక్కడ పడాలన్నది యాదృచ్ఛిక సంఖ్యలకు వదిలేశాడు. అంకెలు మార్చి మార్చి, మోండ్రియాన్ చిత్రానికి దగ్గరగా వచ్చేదాకా నడిపించాడు.

మోండ్రియాన్ గీతలు కూడా శూన్యంలోంచి ఊడిపడలేదు. అంతకు ముందు కొన్నేళ్లు ఆయన సముద్రాన్నీ, నీళ్లలోకి పొడుచుకుపోయే కట్టనూ చూసి గీస్తూ, ఒక్కో వివరాన్నీ వదిలేస్తూ వచ్చాడు. చివరికి అడ్డగీత, నిలువుగీత మిగిలాయి. సముద్రం నుంచి ఆయన సూత్రం తీశాడు, ఆయన నుంచి నోల్ తీశాడు. అయితే ఈ రెండూ ఒకే ఎత్తు కావు. మోండ్రియాన్ బయల్దేరిన చోటికి తిరిగి చేరలేదు. నోల్ చేరాలనే బయల్దేరాడు, అది ప్రయోగం కాబట్టి. మొదటి నుంచీ కొత్త బొమ్మ వేయాలనుకునేవాళ్లు నోల్ నుంచి సూత్రం తీసే పద్ధతి నేర్చుకోవాలి, ఆ తర్వాత దారి మోండ్రియాన్‌ది.

నోల్‌కు ఇంకో చిక్కు వచ్చింది. 1963లో తాను కంప్యూటర్‌తో వేసిన వేరొక బొమ్మకు కాపీరైట్ కావాలని దరఖాస్తు పెట్టాడు. యంత్రం వేసిన బొమ్మకు కాపీరైట్ ఏమిటని అధికారులు తిరస్కరించారు. ప్రోగ్రాం రాసింది మనిషేనని వివరించాడు. యాదృచ్ఛికంగా వచ్చినదానికి ఇవ్వలేమన్నారు. కంప్యూటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలంటే చూడ్డానికి అలా కనిపించేవే తప్ప, అవీ ఒక గణిత సూత్రం ప్రకారం పుట్టేవేనని మళ్లీ రాశాడు. 1965లో నమోదైంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. కంప్యూటర్ ద్వారా తయారైన కృతికి కర్త ఎవరో 1994 సవరణతో అందులో చేరింది. అది పుట్టడానికి కారకుడైన మనిషే కర్త. ఆలోచనకు కాపీరైట్ ఉండదనీ, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అంటే చూసి ప్రేరణ పొందడం తప్పు కాదు. ఇంకొకరు దాన్ని చెప్పిన తీరును ఎత్తుకోవడమే తప్పు.

చట్టం గీసిన ఈ గీత కళాకారులకు చాలదు. చట్టానికి దొరక్కుండానే పాతబొమ్మకు నీడలా మిగిలిపోవచ్చు. ఎంత దూరం వెళ్తే బొమ్మ మనదవుతుందో చూడాలంటే చిత్రకారిణి వేరా మోల్నార్‌ని చూడాలి.

1924లో బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మోల్నార్, చేతికి కంప్యూటర్ రాకముందు నుంచే కంప్యూటర్‌లా పనిచేసింది. ముందు కొన్ని నియమాలు పెట్టుకుని, వాటిని అంచెలంచెలుగా చేత్తోనే అమలు చేసేది. దానికి ఊహాయంత్రం అని పేరు పెట్టుకుంది. 1968లో నిజం కంప్యూటర్ దొరికింది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన మెలంకోలియా అనే ప్రసిద్ధ చిత్రం ఆమెను వదల్లేదు. అందులో రెక్కల మనిషి ఉంది, కుక్క ఉంది, గంట ఉంది, మూలన 16 గళ్ల మాయాచదరం ఉంది. ఎటు కూడినా 34 వస్తుంది. మోల్నార్ రెక్కల మనిషిని ముట్టుకోలేదు. చదరంలోని 1 నుంచి 2కు, 2 నుంచి 3కు, అలా 16 దాకా గీత కలిపింది. అంకెల మధ్య దాక్కున్న ఒక వంకరటింకర దారి బయటపడింది. అదే నియమాన్ని మార్చి మార్చి దశాబ్దాలపాటు బొమ్మలు వేసింది. వాటి మూలం డ్యూరర్ అని ఆమె దాచలేదు, పేరులోనే చెప్పింది. ఆ బొమ్మలను చూసి డ్యూరర్ చిత్రాన్ని గుర్తుపట్టడం మాత్రం ఎవరికీ సాధ్యం కాదు. 2023 డిసెంబర్‌లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫ్రీడర్ నాకె కూడా 1965లో ఇలాంటి పనే చేశాడు. చిత్రకారుడు పాల్ క్లీ 1929లో వేసిన ఒక చిత్రంలో పొలాల్లా పరుచుకున్న పట్టీలు, వాటిని నిలువుగా నరికే గీతలు ఉన్నాయి. అడ్డం పట్టీలకూ నిలువు గీతలకూ మధ్య ఉన్న ఆ సంబంధాన్ని మాత్రమే నాకె తీసుకున్నాడు. రంగులు వదిలేశాడు. ఏ గడిలో నిలువు గీతలు నింపాలి, దేన్ని ఖాళీగా ఉంచాలి అన్నది యాదృచ్ఛిక సంఖ్యలకు అప్పగించాడు. ప్లాటర్ పెన్నుతో గీసిన ఆ బొమ్మ కంప్యూటర్ కళ చరిత్రలో తొలి మెట్లలో ఒకటి.

ఇక మన దగ్గరికి వద్దాం. పోచంపల్లి ఇక్కత్ చూసి ముచ్చటపడి, అలాంటి డిజైన్ కంప్యూటర్‌లో వేయబోయేవాళ్లు సాధారణంగా చేసే పని ఒకటుంది. వజ్రపు గళ్లు గీసి, అంచులకు బ్లర్ పెడతారు. ఆ బొమ్మ ఎందుకో అతకదు. కారణం నూలులో ఉంది. ఇక్కత్‌లో రంగు ముందు నూలుకే పడుతుంది. రంగు అంటకూడని చోట కట్లు కట్టి, ముంచి, విప్పి, ఆ తర్వాత నేస్తారు. పువ్వు నూలు మీద పుట్టి మగ్గం మీదికి వస్తుంది. నేసేటప్పుడు ఒక్కో పోగు పక్కపోగుకంటే కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. రంగు వేసింది పడుగుకైతే అంచు పడుగు వెంటే చెదురుతుంది, పేకకైతే పేక వెంటే. పుట్టపాక తేలియా రుమాల్‌లో రెండు నూళ్లకూ రంగు వేస్తారు కాబట్టి రెండు దిక్కులా చెదురుతుంది. బ్లర్ అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది, అందుకే కన్ను దాన్ని నమ్మదు. బొమ్మను సన్నని పోగులుగా విడదీసి, ఒక్కో పోగునూ దాని పొడవు వెంట కొద్దిగా, ఒక్కోదాన్ని ఒక్కోలా జరపమని ప్రోగ్రాంకు చెబితే చాలు. ఆ బొమ్మలో వజ్రమే ఉండనక్కర్లేదు. ఊరి బస్సు దారుల మ్యాప్ పెట్టినా అది ఇక్కత్‌లా ఊపిరి పోసుకుంటుంది, ఏ నేతగాడి డిజైన్‌కూ నకలు కాదు. దాన్ని పోచంపల్లి పేరుతో అమ్మకూడదనుకోండి. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది అక్కడ నేసేవాళ్లది.

సూత్రం పట్టుకోవడమంటే ఏమిటో అన్నిటికంటే తేటగా చూపించేది మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటిని తాకకుండా చుట్టూ గీత తిప్పే ముగ్గు. దీన్ని కంప్యూటర్ శాస్త్రంలోకి తెచ్చినవాళ్లు తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, వాళ్లతో కలిసి పనిచేసిన కమలా కృతివాసన్. పదాలతో వాక్యాలు అల్లడానికి వ్యాకరణం ఉన్నట్టే, బొమ్మలు అల్లడానికీ వ్యాకరణం రాయవచ్చని 1974లో వాళ్లు ప్రచురించిన పత్రంలో తమిళుల ముగ్గులైన కోలాలను ఉదాహరణగా తీసుకున్నారు. ఆ తర్వాత మొక్కల ఎదుగుదలను లెక్కించడానికి 1968లో జీవశాస్త్రవేత్త లిండెన్‌మేయర్ రూపొందించిన సూత్రాలతో, కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రుజింకియెవిచ్ కోలాలు గీసి చూపించాడు. సంక్రాంతి నెలంతా మన వాకిళ్లలో జరిగే పని, కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధనల్లోకి అలా ఎక్కింది.

మెలికల ముగ్గులో పని ఒక్కో చుక్క దగ్గరే తేలిపోతుంది. సరిచుక్కల ముగ్గులో ఒక చుక్కకు నాలుగు పొరుగు చుక్కలు. ఒక్కో పొరుగు వైపు రెండే అవకాశాలు. ఆ రెండు చుక్కల నడుమ గీతలు ఒకదాన్నొకటి దాటవచ్చు, లేదా గోడ తగిలినట్టు వెనక్కి తిరగవచ్చు. నాలుగు వైపులూ మూస్తే చుక్క చుట్టూ సున్నా. ఒక వైపు తెరిస్తే నీటిబొట్టు. ఎదురెదురుగా రెండు తెరిస్తే కన్ను. పక్కపక్కన రెండు తెరిస్తే వంగిన ఆకు. మూడు తెరిస్తే ఒకవైపు గుండ్రంగా, మిగతా వైపులా కోసుగా ఉండే ఆకారం. నాలుగూ తెరిస్తే వజ్రం. అన్నీ కలిపి 16 రకాలు, తిప్పితే ఒకేలా ఉండేవి తీసేస్తే ఆరే ఆరు. ఈ ఆరు ఆకారాలను కంప్యూటర్‌లో గీసుకున్నవాళ్లు ఇక ఏ ముగ్గునూ కాపీ కొట్టాల్సిన పనిలేదు.

గీసుకోవడం గురించి ఒక్క మాట. ముగ్గు ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌తో ఆటోట్రేస్ చేస్తే, పిండి రాలిన ప్రతి గతుకుకూ ఒక బిందువు పెట్టి వందల బిందువుల గందరగోళం చేతికిస్తుంది. గీత ఎక్కడ దేన్ని దాటిందో దానికి తెలియదు. చుక్క చుట్టూ సున్నాను మనమే బెజియర్ వంపులతో గీస్తే నాలుగు ముక్కలు చాలు. అసలు వృత్తానికీ దానికీ తేడా వ్యాసార్థంలో 0.03 శాతం లోపే. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్, రెనో కంపెనీల్లో కార్ల ఒంపుల కోసం పుట్టిన గణితం ఇది. బొట్టునూ ఆకునూ కొద్దిపాటి వంపు ముక్కలతోనే గీయవచ్చు. ఆ వంపు ఎంత బిగువుగా ఉండాలో, కొస ఎంత సూదిగా ఉండాలో ఎవరి చేయి వాళ్లే నిర్ణయించుకుంటుంది. ముగ్గువేసే ఇద్దరి మెలిక ఒకేలా ఉండదు. డిజిటల్ ముగ్గులోనూ ఉండక్కర్లేదు.

ఇప్పుడు అన్ని వైపులూ తెరిచి, నిలువు నాలుగు, అడ్డం మూడు చుక్కలు పెట్టి చూడండి. ఒకే గీత మొత్తం తిరిగి మొదలైన చోటికి వస్తుంది. నాలుగుకు ఆరు చుక్కలు పెడితే రెండు విడి గీతలు. అయిదుకు అయిదు పెడితే అయిదు. ఎన్ని గీతలొస్తాయో చెప్పేది బడిలో నేర్చుకున్న గ.సా.భా.నే. చుక్కల వరుసల సంఖ్యకూ, వరుసలో చుక్కల సంఖ్యకూ ఉండే గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి గీసే సోనా బొమ్మలను పరిశోధించిన మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ రచనల్లో ఈ సూత్రం కనిపిస్తుంది. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు సంప్రదాయాల కింద ఒకే లెక్క ఉందని తెలిసినప్పుడు కలిగే ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అయిదుకు అయిదులో అయిదు గీతలొచ్చాయి. ముగ్గు ఒకే గీతతో ముగియాలంటే? వేర్వేరు గీతలు దాటుకునే చోటు చూసి అక్కడ గోడ పెట్టండి. ఆ రెండు గీతలూ ఒకటైపోతాయి. అలా నాలుగు గోడలు పెడితే అయిదు గీతలూ కలిసి ఒక్కటవుతాయి. ఒకే గీత తనను తాను దాటుకునే చోట గోడ పెడితే మాత్రం జాగ్రత్త. అది రెండుగా విడిపోవచ్చు. ఎక్కడెక్కడ గోడ పెట్టాలన్నది వేసేవాళ్ల ఇష్టం. ముగ్గు ఎవరిదో అక్కడే తేలుతుంది.

ఆ ఇష్టానికి ఎంత చోటుందో లెక్కవేద్దాం. అయిదుకు అయిదు చుక్కల్లో పక్కపక్క జంటలు 40. ప్రతి జంట మధ్య తెరవడమో మూయడమో. అంటే రెండును 40 సార్లు హెచ్చించాలి. దాదాపు లక్షా పది వేల కోట్ల ముగ్గులు. పావు వంతు తిప్పినా మారకుండా, నాలుగు వైపులా ఒకేలా ఉండాలని షరతు పెడితే 40 జంటలూ నాలుగేసి చొప్పున 10 గుంపులవుతాయి, ముగ్గులు 1,024కు దిగివస్తాయి. లక్షా పది వేల కోట్లను ఒక జీవితంలో చూడలేం. 1,024ను ఒక పెద్ద షీటు మీద పరిచి చూడవచ్చు. ప్రాసెసింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో చిత్రకారుల కోసమే మొదలుపెట్టారు. దాన్ని ఒక వారం నేర్చుకున్న విద్యార్థి ఈ షీటును వేయగలడు. ఎన్ని గీతలున్నాయో లెక్కించడమూ సులువే. ప్రోగ్రాం ఒక చోట నుంచి గీత వెంట నడవడం మొదలుపెట్టి, తిరిగి అక్కడికొచ్చాక, ఇంకా నడవని భాగం మిగిలిందా అని చూస్తుంది.

ఆ షీటు ముందు కూర్చున్నప్పుడు అసలు పని మొదలవుతుంది. 1,024లో ఒకటి 25 సున్నాల గుంపు, ఏ ఆసక్తీ లేనిది. ఇంకొకటి అన్నీ తెరిచిన వల. చాలావాటిలో మధ్యలో బరువు ఎక్కువై అంచులు తేలిపోతాయి. కొన్నిట్లో గోడలు పడిన తీరు వల్ల ఖాళీచోట్లే ఒక పువ్వులా కనిపిస్తాయి. ఎవరూ పువ్వు గీయలేదు, నియమాల మధ్య అది పూసింది. దాన్ని చూసి ఆగిన కన్ను, ఆ ఒక్క ముగ్గునూ తీసి, ఒక గోడ జరిపి, సమరూపాన్ని కావాలనే ఒక చోట చెడగొట్టి, వంపు బిగువు పెంచి, తన బొమ్మగా చేసుకుంటుంది. మోల్నార్ కూడా వరసగా పేర్చిన చదరాలను కొద్దికొద్దిగా చెదరగొట్టి చూసింది. క్రమం ఎక్కడ కూలుతుందో, ఎక్కడ ప్రాణం వస్తుందో కంటితోనే పట్టుకుంది. చెదరగొట్టే పరిమాణం అంకె కావచ్చు, ఏ అంకె దగ్గర ఆపాలన్నది మాత్రం చూపు.

ఈ మధ్య వాక్యం టైపు చేస్తే బొమ్మనిచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. ముగ్గు అడిగితే ముగ్గులాంటిదే ఇస్తాయి. దగ్గరికెళ్లి గీత వెంట వేలు పెట్టి నడిస్తే చాలాసార్లు గీత మధ్యలో తెగిపోతుంది, చుక్క గీత కింద నలిగిపోతుంది. కోట్ల బొమ్మల నుంచి రూపపు పోలికను నేర్చుకున్న సాధనానికి, గీత మొదలైన చోటికి తిరిగి రావాలన్న నియమం ఎవరూ చెప్పలేదు. రేపు అది కూడా నేర్చుకుంటుందేమో. అప్పుడు కూడా నేర్చుకున్నది ఆ సాధనమే అవుతుంది, అడిగినవాళ్లు కాదు. పండక్కి డిజైన్ కావాల్సినప్పుడల్లా ఎవరిదో ముగ్గు డౌన్‌లోడ్ చేసి రంగులు మార్చే మన కుర్ర డిజైనర్లు, ఒక్కసారి ఆ ఆరు ఆకారాలనూ తమ చేత్తో గీసి చూడాలని నా కోరిక. నాన్నమ్మల చేతివేళ్లలో ఉన్న తర్కం తమ కంప్యూటర్‌లో కదులుతుంటే వాళ్లకే తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా సరిచుక్కల గురించే. సందుచుక్కల్లో పై వరుస చుక్కల మధ్య ఖాళీల్లోకి కింది వరుస చుక్కలు వస్తాయి. ఎడం సమంగా ఉంచితే ఒక్కో చుక్కకు ఆరు పొరుగులు. ఆకారాలు 64, తిప్పితే ఒకేలా ఉండేవి కలిపేస్తే 14. చదరపు చుక్కల గ.సా.భా. సూత్రం ఇక్కడ నేరుగా అక్కరకు రాదు. గీతలెన్నో తెలుసుకోవాలంటే ప్రతి ముగ్గులోనూ ప్రోగ్రాం నడిచి చూడాల్సిందే. మధ్య వరుసలో 7 చుక్కలు, పైకీ కిందికీ 4 వచ్చేదాకా తగ్గించుకుంటూ పోతే 37 చుక్కలు, 90 జంటలు. ఆరో వంతు తిప్పినా మారని ముగ్గులు 32,768. వాటన్నిటినీ ఒక మామూలు ల్యాప్‌టాప్ ఒక పూటలోపే గీసిపెడుతుంది. వాటిలో ఒకే గీతతో ముగిసేవి ఉంటే ఏరి పక్కన పెట్టుకుని, అందులోంచి ఒకదాన్ని ఎంచుకుని, మొదటి గోడ జరపడం దగ్గర మొదలుపెట్టవచ్చు.